సముద్రం తీసుకెళ్ళిన ఇంటికి పరామర్శ

(తీరప్రాంత గ్రామాల్లో పనిచేసే కార్యకర్తలకూ విద్యార్థులకూ కాకినాడలో జరిగిన రెండు రోజుల శిక్షణలో, మొదటి రోజు సాయంత్రం ఒక సీనియర్ కార్యకర్త మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండి, ఇక్కడ చాపలు ఖాళీగానే ఉన్నాయి. రండమ్మా, కూర్చోండి.

నేను ఇవాళ తుఫాను హెచ్చరికల మీద మాట్లాడాలి. పటాలవీ తెచ్చుకున్నాను. కానీ పొద్దున టీ దగ్గర ఒకమ్మాయి నన్నొక మాట అడిగింది. పేరు చెప్పను, ఇక్కడే ఉంది. "అక్కా, పద్ధెనిమిదేళ్ళ నుంచీ ఇదే పని చేస్తున్నారు కదా, మీకు రాత్రిళ్ళు నిద్ర పడుతుందా?" అంది. నేను ఏదో చెప్పి తప్పించుకున్నాను. తప్పించుకున్నానని నాకూ తెలుసు, ఆ అమ్మాయికీ తెలుసు. అప్పటి నుంచీ మనసులో అదే తిరుగుతోంది. అందుకని పటాలు రేపు చూద్దాం. ఇవాళ ఆ ప్రశ్నకే జవాబు చెప్తాను.

నిద్ర పడుతుందా? ఇప్పుడు పడుతుంది. మధ్యలో రెండేళ్ళు పట్టలేదు.

ఎందుకు పట్టలేదో చెప్తాను. మీలో చాలామందికి ఉప్పాడ తెలుసు. ఇక్కడికి దగ్గరే. చీరలకు పేరున్న ఊరు. ఆ ఊరిని సముద్రం కొన్ని దశాబ్దాలుగా కోసుకుంటూ వస్తోంది. బీచ్ రోడ్డు ఎన్నిసార్లు వేశారో, ఎన్నిసార్లు పోయిందో మీరే చూశారు. ఇసుక నింపిన పెద్ద సంచులతో జియో ట్యూబు గోడ కట్టారు, అదీ దెబ్బతింది. గుళ్ళు పోయాయి, వీధులు పోయాయి. తుఫాను తర్వాత ఆ ఒడ్డున జనం ఇసుకలో బంగారం రవ్వలు వెతుకుతారు, పేపర్లలో ఫొటోలు వస్తాయి, చూసే ఉంటారు. మునిగిపోయిన పాత ఇళ్ళలోంచి, గుళ్ళలోంచి కొట్టుకొచ్చిందంటారు వాళ్ళు. వాళ్ళు వెతుకుతున్నది ఎవరిళ్ళలోనో ఆలోచించారా? వాళ్ళ తాతల ఇళ్ళే కదండీ!

కొన్నేళ్ళ క్రితం ఒక వాయుగుండం తర్వాత నేను అక్కడ సర్వే చేస్తున్నాను. ఫారం మీకు తెలుసు. పూర్తిగా దెబ్బతిన్నది, పాక్షికంగా దెబ్బతిన్నది, పక్కా, కచ్చా, పొడవు, వెడల్పు. ఒకావిడ ఒడ్డున కూర్చుని ఏడుస్తోంది. అరవై ఏళ్ళుంటాయి. నేను ఆవిడ దగ్గర నిలబడి, పెన్ను తీసి, "ఇంటి కొలతలు ఎంతమ్మా?" అని అడిగాను.

ఆవిడ తలెత్తి చూసింది. "కొలతలెందుకమ్మా, ఆ ఇల్లు ఎక్కడుంది కొలవడానికి?" అంది.

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. నేనేం చేశానో తెలుసా? "సుమారుగా" అని రాసుకుని పక్కింటికి వెళ్ళిపోయాను. ఆ రోజు నలభై ఫారాలు నింపాను. రాత్రి ఇంటికొచ్చి అన్నం తిన్నాను. అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నాక తట్టింది. నాకు ఏమీ అనిపించలేదు. ఆవిడ ఏడుస్తుంటే నాకు ఏమీ అనిపించలేదు. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక్క కొబ్బరి చెట్టు పడిపోయినా కన్నీళ్ళు పెట్టుకున్నదాన్ని నేను. ఆ మనిషి ఎక్కడికి పోయింది? అక్కడి నుంచే నిద్ర దూరమైంది నాకు.

మనం ఏడవడం మానేస్తే గట్టిపడ్డామనుకుంటాం. పై వాళ్ళు కూడా "బాగా అలవాటు పడ్డారు" అని మెచ్చుకుంటారు. అలవాటు పడటం వేరు, మొద్దుబారడం వేరు. వంట చేసేవాళ్ళకు తెలుస్తుంది ఈ తేడా. వేడి గిన్నె పట్టుకోవడం అలవాటైన చేతికి వేడి తెలుస్తుంది, పట్టుకునే ఒడుపు కూడా తెలుస్తుంది. తిమ్మిరెక్కిన చేతికి వేడే తెలీదు. కాలిపోయాక చూసుకుంటుంది.

సరే. ఇది నా ఒక్కదాని సంగతేనా? 2021లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ అనే పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. మన దేశంతో కలిపి 10 దేశాల్లో, 16 నుంచి 25 ఏళ్ళ వయసున్న 10,000 మందిని అడిగారు. 59 శాతం మంది వాతావరణ మార్పు గురించి తాము చాలా, లేదా విపరీతంగా ఆందోళన పడుతున్నామన్నారు. 45 శాతానికి పైగా, ఆ ఆలోచనలు తమ రోజువారీ బతుకును దెబ్బతీస్తున్నాయన్నారు. వీళ్ళలో వార్తలు చదివి దిగులుపడే పిల్లలూ ఉంటారు. మరి ఆ వార్తలు పుట్టే చోట నిలబడి పనిచేసే మీ సంగతేమిటి? మిమ్మల్ని ఎవరైనా అడిగారా?

అడిగితే మాత్రం ఏం చెప్తాం! దానికి పేరే లేదు మన దగ్గర. ఇంగ్లీషులో ఏదో ఆంగ్జయిటీ అంటారు. ఆ మాట నా నోటికి ఎప్పుడూ సరిగ్గా అతకలేదు. మన భాషలో వెతికి చూశాను. దిగులు ఉంది. గుబులు ఉంది. దిగులు జరిగినదాని మీద ఉంటుంది, గుబులు జరగబోయేదాని మీద ఉంటుంది. రెండూ నిజమే మనకు. కానీ ఇంకో మాట ఉంది చూడండి, బెంగ. హాస్టల్లో వేసిన పిల్లాడికి అమ్మ మీద బెంగ. పెళ్ళై వెళ్ళిన పిల్లకు పుట్టింటి మీద బెంగ. బెంగపెట్టుకుంటే జ్వరం కూడా వస్తుంది. మందులేస్తే తగ్గదు, అమ్మ వస్తే తగ్గుతుంది. ప్రేమ లేనిచోట బెంగ ఉండదు. ఉంటుందా? ఎవరైనా పక్కింటి గోడ మీద బెంగపెట్టుకుంటారా?

ఆస్ట్రేలియాలో గ్లెన్ ఆల్‌బ్రెక్ట్ అని ఒక తత్వవేత్త ఉన్నాడు. అక్కడ హంటర్ లోయలో బొగ్గు గనులు తవ్వి ఊళ్ళ రూపురేఖలు మార్చేస్తుంటే, ఆ ఊళ్ళ జనం పడే బాధను చూసి, 2003లో దానికొక కొత్త పేరు పెట్టాడు. సోలాస్టాల్జియా. నోరు తిరగదు, వదిలేయండి. అర్థం మాత్రం పట్టుకోండి. ఇల్లు వదిలి వెళ్ళినవాడికి ఇంటి మీద బెంగ మామూలే. వీళ్ళు ఇల్లు వదల్లేదు. ఇంట్లోనే ఉన్నారు. ఇల్లే వాళ్ళను వదిలి వెళ్తోంది. ఇంట్లోనే ఉండి ఇంటి మీద బెంగపెట్టుకోవడం.

ఇది చదివినప్పుడు నాకు ఉప్పాడ గుర్తొచ్చింది. అక్కడి పెద్దవాళ్ళు ఒడ్డున నిలబడి వేలుతో సముద్రంలోకి చూపిస్తారు. "అదుగో, ఆ కెరటం విరిగే చోటు, అక్కడ మా వీధి." రైతులు కూడా అంతే. రోహిణిలో రోళ్ళు పగులుతాయి, మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకేస్తుంది అని కార్తెల మీద మనకు ఎన్ని సామెతలు! ఆ సామెత చెప్పిన ముసలాయన ఇప్పుడు ఆకాశం చూసి "నాకేం తెలీట్లేదమ్మా" అంటాడు. అరవై ఏళ్ళ సేద్యం చేసినవాడు. నాకేం తెలీట్లేదు అంటాడు. వాన రాకపోవడం పెద్ద కష్టమే. వాన గురించి తనకు తెలిసిందంతా పనికిరాకుండా పోవడం ఇంకో కష్టం. దీనికి ఏ ఫారంలోనూ గడి లేదు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. ఉప్పాడ కోత అంతా వాతావరణ మార్పు వల్లేనా? కాదు. గోదావరి మీద ఆనకట్టలు, జలాశయాలు కట్టాక కిందికి వచ్చే ఒండ్రు తగ్గింది. కాకినాడ ముందున్న హోప్ ఐలాండ్ ఇసుక తిన్నె పెరిగి అలల దారి మార్చింది, రేవు కట్టడాల ప్రభావం ఉంది, వీటికి తోడు సముద్ర మట్టం పెరుగుతోంది. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, బాధలో ఉన్న మనసు అన్నింటినీ ఒకే రాక్షసుడి మీద వేసేస్తుంది. ఆ రాక్షసుడు ఎంత పెద్దవాడంటే వాడి ముందు మనం చేయగలిగేదేమీ కనపడదు. విడదీసి చూస్తే కొన్ని మన చేతికి అందుతాయి, కొన్ని జిల్లా కలెక్టరు చేతికి అందుతాయి, కొన్ని ఎవరికీ అందవు. సరిగ్గా తెలుసుకోవడం కూడా మనసుకు మందే. నా అనుభవంలో అది చాలా పెద్ద మందు.

మరి నాకు నిద్ర ఎలా తిరిగొచ్చింది?

మా నాన్న పోయారు. నిద్ర లేని ఆ రెండేళ్ళ చివర్లో. మా ఊళ్ళో, మీ ఊళ్ళలోనూ అంతే, చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. చుట్టుపక్కలవాళ్ళు వండి తెచ్చారు. జనం పరామర్శకు వచ్చారు. పరామర్శకు వచ్చినవాళ్ళు ఏం చేస్తారు? గమనించారా ఎప్పుడైనా? ఏమీ చేయరు. వచ్చి కూర్చుంటారు. "ఎలా జరిగింది?" అని అడుగుతారు. మీరు చెప్తారు. ఇంకొకరు వస్తారు, మళ్ళీ అదే అడుగుతారు, మళ్ళీ చెప్తారు. పదిసార్లు, ఇరవైసార్లు. పరిష్కారం ఎవరూ చెప్పరు, చావుకు పరిష్కారమేముంది? కొంచెంసేపు కూర్చుని, వెళ్ళొస్తామని కూడా చెప్పకుండా లేచి వెళ్ళిపోతారు. పెద్దకర్మ దాకా ఇలా సాగుతుంది. ఆ తర్వాత "ఇక పనుల్లో పడమ్మా" అని పెద్దవాళ్ళే చెప్తారు. ఏడాది తిరిగాక మళ్ళీ ఒక రోజు ఉంటుంది, తలచుకోవడానికి.

మా ఇంట్లో చాప మీద కూర్చుని ఇదంతా చూస్తుంటే నాకొకటి తెలిసింది. ఒక మనిషి పోతే ఇంత ఏర్పాటు ఉంది మనకు. ఏడవడానికి రోజులున్నాయి, వినడానికి మనుషులున్నారు, వంట చేసిపెట్టే చేతులున్నాయి, లేచే రోజు కూడా ఉంది. ఒక వీధి పోతే? ఒక ఒడ్డు పోతే? తిత్లీ తుఫాను 2018 అక్టోబరులో వచ్చినప్పుడు నేను ఉద్దానంలో ఉన్నాను. కొడుకు పెట్టకపోయినా కొబ్బరి చెట్టు అన్నం పెడుతుందని చెప్పుకునే నేల అది. కనుచూపు మేర కొబ్బరి, జీడిమామిడి అన్నీ కూలిపోయి ఉన్నాయి. ఆ తోటలకు పరామర్శకు ఎవరు వెళ్ళారు? మేం వెళ్ళాం, బియ్యం, టార్పాలిన్లు పట్టుకుని. చెట్ల లెక్క రాసుకున్నాం. అది కావాలి, అది లేకపోతే పరిహారం రాదు. కానీ ఏ ఒక్కరి పక్కనా కూర్చుని "ఆ చెట్టు ఎవరు పెట్టారు?" అని అడగలేదు.

నాన్న పెద్దకర్మ అయ్యాక ఉప్పాడ వెళ్ళాను. ఆవిడ దగ్గరికి, నేను కొలతలడిగిన ఆవిడ దగ్గరికి. ఫారం లేదు, పెన్ను లేదు. కూర్చున్నాను. "మీ ఇల్లు ఎలా ఉండేదమ్మా?" అని అడిగాను. గంటన్నర చెప్పింది. వాకిలి ఎటు ఉండేది, వల ఎక్కడ ఆరేసేవాళ్ళు, కూతురికి పురుడు ఏ మూలన పోశారు, అన్నీ. కోడలు టీ తెచ్చింది. చివర్లో నా మొహం చూసి "నీకేమైందమ్మా?" అంది. అప్పుడు నేను చెప్పాను మా నాన్న సంగతి. ఇద్దరం ఏడ్చాం. ఆ రాత్రి నిద్రపోయాను.

ఆ తర్వాత నుంచి మా బృందంలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. పెద్దదేమీ కాదు. సోమవారం పొద్దున మొదటి అరగంట రిపోర్టులుండవు. కిందటి వారం ఎవరైనా ఏదైనా మోసుకొచ్చి ఉంటే చెప్తారు. వినేవాళ్ళకు ఒకటే షరతు, సలహా ఇవ్వకూడదు. మొదట్లో ఎవరూ నోరు విప్పలేదు. మగపిల్లలు మరీను. మూడో నెలలో మా డ్రైవరు మొదలుపెట్టాడు. అందరం ఫారాలు నింపుతుంటే అతను జీపు దగ్గర ఒక్కడే ఉంటాడు కదా, ఊరివాళ్ళు వచ్చి అతనికే చెప్పుకునేవాళ్ళట. అన్నేళ్ళూ అతను విన్నవన్నీ అతని దగ్గరే ఉండిపోయాయి. మేమెవరం అడగలేదు.

ఇంకోటి, తుఫాను పని అయ్యాక సెలవు. బతిమాలి తీసుకునే సెలవు కాదు, ఇచ్చి పంపించేది. పదిహేను రోజులు సహాయ శిబిరంలో పనిచేసినవాళ్ళు వారం రోజులు ఫీల్డుకి రాకూడదు. ఇక్కడున్న సంస్థల పెద్దలకు చేతులు జోడించి చెప్తున్నాను, బడ్జెట్లో టార్పాలిన్లకు గీత ఉన్నట్టే దీనికీ ఒక గీత పెట్టండి.

ఇప్పుడు ఇంకో బరువు గురించి. అపరాధ భావం. మీలో కొందరు నాతో అన్నారు, "మేం ఏసీ గదిలో కూర్చుని వేడి గురించి రాస్తున్నాం, బండి మీద తిరుగుతూ పెట్రోలు గురించి మాట్లాడుతున్నాం" అని. చూడండి తమ్ముడూ, సగటున మన దేశంలో మనిషికి ఏడాదికి సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్. అమెరికాలో సుమారు 14 టన్నులు. ఉప్పాడ అవ్వ లెక్క వేస్తే మన సగటుకు కూడా ఎంత దూరంలో ఉంటుందో! తప్పు ఎవరిదో లెక్క ఉంది. ఈ నష్టానికి గురైన దేశాలకు సాయంగా ఒక నిధి పెట్టాలని 2022లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లో జరిగిన ప్రపంచ వాతావరణ సదస్సులో ఒప్పుకున్నారు. దాని కోసం పేద దేశాలు మూడు దశాబ్దాలు అడగాల్సి వచ్చింది. మీ బండి పెట్రోలు మీద మీరు రాత్రంతా కుమిలిపోతే లాభం ఎవరికి? ఆ బరువు దించండి. దించితే దాని కింద కోపం కనపడుతుంది. కోపం రానివ్వండి. కోపం ఉన్నవాళ్ళు అర్జీ రాస్తారు, కలెక్టరాఫీసుకు వెళ్తారు, మళ్ళీ వెళ్తారు.

"మరి ఇదంతా చేసి లాభముందా అక్కా?" ఇది కూడా అడుగుతారు. 2024లో భూమి సగటు వేడి, పరిశ్రమలు రాకముందుతో పోలిస్తే, సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువ నమోదైంది. అది విన్న రోజు నాకూ కాళ్ళు చల్లబడ్డాయి. పారిస్ ఒప్పందంలో 1.5 దాటకుండా చూడాలని అనుకున్నాం కదా, అయిపోయిందా? ఒక్క ఏడాది దాటడం వేరు, దశాబ్దాల సగటు దాటడం వేరు, అది మీకు తెలుసు. ఒకవేళ సగటే దాటినా, 1.6 కంటే 1.7 చెడ్డది, 1.7 కంటే 1.8 చెడ్డది. ఏ గీత దగ్గరా పని ఆగిపోదు.

మన పాత పెద్దల్ని అడగండి. 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన. ప్రభుత్వ లెక్కల్లోనే సుమారు పదివేల మంది పోయారు. అసలు హెచ్చరిక అందని ఊళ్ళెన్నో. 1996 నవంబరు తుఫానులో కోనసీమ, ఇక్కడే, వెయ్యి మందికి పైగా. వేటకెళ్ళిన పడవలు తిరిగి రాలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ నగరం మీదే తీరం దాటింది. ఆ గాలి నేను చూశాను, నగరంలో చెట్టన్నది మిగల్లేదు. మరణాలు పదుల్లో ఆగాయి. పదులు కూడా పదిళ్ళ ఏడుపే, నేను తక్కువ చేయడం లేదు. కానీ పదివేల నుంచి పదుల దాకా ఊరికే వచ్చామా? షెల్టర్లు కట్టినవాళ్ళు, వాయుగుండాన్ని గంట గంటకూ గమనించినవాళ్ళు, మైకు పట్టుకుని వీధి వీధీ తిరిగినవాళ్ళు, రానన్న ముసలమ్మను భుజానెత్తుకుని తీసుకెళ్ళినవాళ్ళు, వీళ్ళ పని అది. మీలాంటివాళ్ళ పని. బతికినవాళ్ళు వచ్చి మనకు చెప్పరు, తాము బతికామని వాళ్ళకే తెలీదు కాబట్టి. అందుకే ఈ పనిలో పోయినవి కనపడతాయి, మిగిలినవి కనపడవు.

రైతుని చూసి నేర్చుకోండి, ఎన్నిసార్లు పోయినా మళ్ళీ విత్తుతాడు అని కొందరు చెప్తారు. ఆ మాట నాకు నచ్చదు. అనంతపురంలో వేరుశనగ రైతు మళ్ళీ మళ్ళీ విత్తాడు, అప్పు చేసి విత్తాడు, ఆఖరికి ఏమైందో ఆ ఊళ్ళకు తెలుసు. ఓర్పును పొగిడి చేతులు దులుపుకోకూడదు. మనలో ఎవరికైనా సరే, నిద్ర లేక, తిండి సహించక, బతకడం ఎందుకన్న ఆలోచన వస్తోందంటే, అది సోమవారం అరగంటతో తీరేది కాదు. 14416, టెలి మానస్, మనసు బాధల్లో సాయం చేసే ఫోన్ సేవ. ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. నంబరు ఫోన్లలో వేసుకోండి. ఇప్పుడే వేసుకోండి, నేను ఆగుతాను. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. ఊళ్ళలో మన కార్యకర్తలందరికీ ఇవ్వండి.

పొద్దున అడిగిన అమ్మాయి ఇంకోటి కూడా అడిగింది. పెళ్ళి గురించి, పిల్లల్ని కనడం గురించి, ఇలాంటి లోకంలోకి తేవచ్చా అని. దానికి నా దగ్గర జవాబు లేదమ్మా. నాకో కూతురుంది. తొమ్మిదేళ్ళప్పుడు "సముద్రం మన ఇంటికి కూడా వస్తుందా?" అని అడిగింది. "మన ఇల్లు దూరం, రాదు. ఉప్పాడలో వాళ్ళింటికి వచ్చింది, అందుకే అమ్మ అక్కడికి వెళ్తుంది" అని ఉన్నదున్నట్టు చెప్పాను. "నేనూ వస్తా" అంది. అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

టైమైందంటున్నారు. రేపటి సంగతి చెప్పి దిగుతాను. పొద్దున్నే కోరింగ మడ అడవికి వెళ్తున్నాం, తెల్ల మడ కాయలు ఏరడానికి. ఫారెస్టువాళ్ళ అనుమతి తీసుకున్నాం. నీళ్ళ మీద తేలి ఒడ్డుకు చేరినవే ఏరాలి, చెట్టు మీదవి తెంపొద్దు. బురదలోంచి పైకి నిక్కి ఉండేవి చెట్టు ఊపిరి వేళ్ళు, వాటి మీద కాలు పడకుండా నడవండి. పాత బట్టలు వేసుకోండి. ఆ ఉప్పాడావిడ కూడా మనవరాలిని తీసుకుని వస్తానంది, బస్సులో ముందు సీటు వాళ్ళకు వదలండి. బస్సు ఐదున్నరకు గేటు దగ్గర ఉంటుంది. ఆటు ఎనిమిదింటి దాకానే, తర్వాత నీళ్ళొచ్చేస్తాయి.